ప్రవేశ పరీక్షలో వెన్ చిత్రాలు: లెక్కకు ముందు మాట

తెలుగు బోధించే మేము వెన్ చిత్రాలను గురించి వ్రాయబూనడం మా గణితశాఖ మిత్రులకు వింతగా తోచవచ్చును. మా పొలం విడిచి పొరుగు పొలంలో నాగలి పెట్టినామని వారు అనుకొనకముందే కారణం మనవి చేస్తాము. డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థులు ఐసెట్ వంటి ప్రవేశ పరీక్షలకు చదువుకొంటూ, తమకు కొరుకుడు పడని ప్రశ్నలను మా వద్దకు కూడా తెస్తుంటారు. వాటిలో వెన్ చిత్రాలకు సంబంధించిన ప్రశ్నలను పరిశీలించగా ఒక విషయం స్పష్టమైనది. వాటిలోని కూడికలు, తీసివేతలు ఏడవ తరగతి పిల్లవాడు చేయగలిగినవే. విద్యార్థి తడబడుతున్నది లెక్క దగ్గర కాదు. "మాత్రమే", "కనీసం", "కూడా", "లేదా" అనే చిన్న మాటల దగ్గర. మాట పట్టుబడక లెక్క తప్పుతున్నది. మాటను గురించి చెప్పవలసిన బాధ్యత భాష బోధించేవారిది కూడా గనుక ఈ వ్యాసం.

తడబాటు చిన్నదే కాని దాని మూల్యం పెద్దది. ఐసెట్‌లో మంచి ర్యాంకు వచ్చిన విద్యార్థికి ఎం.బి.ఏ.లోనో ఎం.సి.ఏ.లోనో కన్వీనరు కోటా సీటు దొరుకుతుంది. రానివానికి మిగిలేది యాజమాన్య కోటాలోని బరువైన ఫీజు, లేదా చదువుకు స్వస్తి. కుట్టుమిషను మీదనో, చిన్న దుకాణం మీదనో సంసారం నడిచే ఇళ్ళ నుండి వచ్చే మన పిల్లలకు ఈ రెంటి మధ్య దూరం ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు. ఉర్దూ మాధ్యమంలో పాఠశాల చదువు ముగించి, ఇంట ఒక భాష, వీధిలో ఒక భాష, ప్రశ్నపత్రంలో ఇంకొక భాష ఎదుర్కొనే విద్యార్థికి ఆ చిన్న మాటలు మరింత జారుడుమెట్లు.

పరీక్ష స్వరూపం

ఐసెట్‌లో 200 ప్రశ్నలు, 200 మార్కులు, 150 నిమిషాల కాలం. విశ్లేషణ సామర్థ్యానికి, గణిత సామర్థ్యానికి, భావప్రసార సామర్థ్యానికి వేరువేరుగా ప్రశ్నలు కేటాయించినారు. తప్పు సమాధానానికి మార్కులు తగ్గించరు. 150 నిమిషాలను 200 ప్రశ్నలకు సమంగా పంచితే ఒక్కొక్క ప్రశ్నకు వచ్చేది 45 సెకండ్లు మాత్రమే. పాఠ్యప్రణాళికలో దత్తాంశ విశ్లేషణ అనే శీర్షిక కింద పట్టిక, గ్రాఫు, బార్ చిత్రం, పై చార్టులతోపాటు వెన్ చిత్రాన్ని కూడా పేర్కొన్నారు. గణిత భాగంలో సమితుల అధ్యాయం వేరుగా ఉన్నది. అంటే వెన్ చిత్రం ఈ పరీక్షలో రెండు ద్వారాల నుండి ప్రవేశించవచ్చును. అయినా 45 సెకండ్లలో బొమ్మ గీసి, నింపి, జవాబు చెప్పడం సాధ్యమా అని విద్యార్థి భయపడతాడు. సాధ్యమే. అయితే బొమ్మ ఎందుకు పుట్టినదో ముందు తెలియవలెను.

వెన్ చేసిన పని

జాన్ వెన్ 1834లో ఇంగ్లండులోని హల్ పట్టణంలో జన్మించి, కేంబ్రిడ్జిలో తర్కశాస్త్రం బోధించి, 1923లో మరణించిన పండితుడు. 1880లో ఒక వ్యాసంలోను, 1881లో వెలువడిన "సింబాలిక్ లాజిక్" అనే గ్రంథంలోను ఆయన ఈ చిత్రాలను వివరించినాడు. వృత్తాలతో తర్కాన్ని చూపడం ఆయనతో మొదలైనది కాదు. 18వ శతాబ్దిలోనే గణితవేత్త అయిలర్ తన లేఖలలో వృత్తాలు గీసి చూపినాడు. అయితే అయిలర్ పద్ధతిలో రెండు సమూహాల మధ్య సంబంధం ఏమిటో ముందే తెలిసి ఉండవలెను. ఒకదానిలో ఒకటి ఇమిడి ఉన్నదా, దూరంగా ఉన్నదా, కొంత కలిసినదా అని నిర్ణయించుకొని ఆ ప్రకారమే గీయవలెను.

వెన్ దీనిని తలక్రిందులు చేసినాడు. ముందు సాధ్యమైన గదులన్నీ ఖాళీగా గీయి, ఆ తరువాత తెలిసిన సమాచారంతో ఒక్కొక్క గదిని నింపు అన్నాడు. రెండు వృత్తాలు గీస్తే, బయటి ప్రదేశంతో కలిపి నాలుగు గదులు. మూడు వృత్తాలు గీస్తే ఎనిమిది గదులు. ప్రతి మనిషికీ ఏదో ఒక గది ఉంటుంది. ఏ మనిషీ రెండు గదులలో ఉండడు. వెన్ చిత్రపు రహస్యం ఇంతే. పరీక్షార్థికి ఇందులో ఉన్న ఉపదేశం కూడా ఇదే: తొందరపడి ఊహించవద్దు, గదులన్నీ ముందు గీసుకొని, చెప్పిన మాటను బట్టి సంఖ్యను దాని గదిలో వేయవలెను.

రెండు వృత్తాలు

ఒక ఉదాహరణ చూద్దాము. ఒక తరగతిలో 60 మంది ఉన్నారు. వారిలో 38 మందికి ఉర్దూ చదవడం వచ్చును. 45 మందికి తెలుగు చదవడం వచ్చును. నలుగురికి రెండూ రావు. రెండూ వచ్చినవారు ఎందరు?

మొదట బయటివారిని తీసివేయవలెను. 60 − 4 = 56. ఈ 56 మంది రెండు వృత్తాలలో ఎక్కడో ఒకచోట ఉన్నారు. 38 + 45 = 83. ఉన్నది 56 మంది. లెక్కకు వచ్చినది 83. ఎక్కువగా వచ్చిన 27 ఎవరు? రెండు వృత్తాలలోను నిలబడి రెండుసార్లు లెక్కకు వచ్చినవారు. కావున రెండూ వచ్చినవారు 27 మంది. ఉర్దూ మాత్రమే వచ్చినవారు 38 − 27 = 11. తెలుగు మాత్రమే వచ్చినవారు 45 − 27 = 18. సరి చూద్దాము: 11 + 27 + 18 + 4 = 60.

ఇక్కడ విద్యార్థులు రెండుచోట్ల జారిపోతారు. మొదటిది, నలుగురిని తీసివేయడం మరచి 83 − 60 = 23 అని వ్రాయడం. ప్రశ్న కూర్చినవారు ఈ పొరపాటును ముందే ఊహించి 23ను కూడా సమాధానాల వరుసలో ఉంచుతారు. తన జవాబు అక్కడ కనబడగానే విద్యార్థి సంతోషించి ముందుకు పోతాడు. రెండవది, "38 మందికి ఉర్దూ వచ్చును" అన్నదానిని "38 మందికి ఉర్దూ మాత్రమే వచ్చును" అని చదవడం. ప్రశ్నలో లేని "మాత్రమే"ను మనసులో చేర్చుకొనడం ఉన్నదానిని విడిచిపెట్టడమంత ప్రమాదకరం.

కాలం తక్కువైనప్పుడు రెండు చిన్న పరీక్షలు పనికివస్తాయి. రెండూ వచ్చినవారి సంఖ్య చిన్న సమూహాన్ని మించదు. ఇక్కడ 38ని మించిన సమాధానం ఏదున్నా చూడగానే కొట్టివేయవచ్చును. ఇక 83 నుండి 56 తీసివేస్తే చివరి అంకె 7 రావలెను. సమాధానాలలో 7తో ముగిసేది ఒక్కటే ఉంటే పూర్తి తీసివేత కూడా అక్కరలేదు.

మూడు వృత్తాలు

ఇప్పుడు పెద్ద ఉదాహరణ. ఒక కళాశాలలో 150 మంది విద్యార్థులను విచారించగా 74 మంది క్రికెట్, 60 మంది కబడ్డీ, 56 మంది క్యారమ్స్ ఆడతామన్నారు. క్రికెట్, కబడ్డీ రెండూ ఆడేవారు 26 మంది. కబడ్డీ, క్యారమ్స్ రెండూ ఆడేవారు 21 మంది. క్రికెట్, క్యారమ్స్ రెండూ ఆడేవారు 29 మంది. మూడూ ఆడేవారు 12 మంది.

ప్రశ్నలో సంఖ్యలు బయటినుండి లోపలికి వస్తున్నవి: ముందు మొత్తం, తరువాత ఒక్కొక్క ఆట, తరువాత జంటలు, చివరకు మూడూ. నింపవలసినది మాత్రం లోపలినుండి బయటికి. నడిమి గదిలో 12 వేయవలెను. తరువాత జంటల గదులు. క్రికెట్, కబడ్డీ ఆడేవారు 26 మంది అన్నప్పుడు, వారిలో క్యారమ్స్ కూడా ఆడే ఆ 12 మంది చేరి ఉన్నారు. కావున ఆ రెండు మాత్రమే ఆడేవారు 26 − 12 = 14. అదే విధంగా కబడ్డీ, క్యారమ్స్ మాత్రమే 21 − 12 = 9. క్రికెట్, క్యారమ్స్ మాత్రమే 29 − 12 = 17.

ఇక ఒంటరి గదులు. క్రికెట్ మాత్రమే: 74 − 14 − 17 − 12 = 31. కబడ్డీ మాత్రమే: 60 − 14 − 9 − 12 = 25. క్యారమ్స్ మాత్రమే: 56 − 17 − 9 − 12 = 18. ఏడు గదులూ కలిపితే 126. మొత్తం 150 గనుక ఏ ఆటా ఆడనివారు 24 మంది. ఎనిమిది గదులూ నిండినవి. ఇకమీదట ఎన్ని ప్రశ్నలు వచ్చినా గదులు కలుపుకొనడమే తప్ప కొత్తగా లెక్క లేదు.

12ను తీసివేయకుండా, 26, 21, 29 అన్న సంఖ్యలను జంటల గదులలో అలాగే వేసినవాడు ఏమవుతాడో చూడండి. వానికి క్రికెట్ మాత్రమే ఆడేవారు 74 − 26 − 29 − 12 = 7 మంది వస్తారు. అనుమానం రాదు. కబడ్డీ మాత్రమే 60 − 26 − 21 − 12 = 1. కొంచెం వింతగా ఉన్నా, సరే అనుకొంటాడు. క్యారమ్స్ మాత్రమే 56 − 21 − 29 − 12 = −6. మైనస్ ఆరుగురు మనుషులు ఎక్కడా ఉండరు! ఏ గదిలోనైనా మైనస్ సంఖ్య వచ్చినదంటే, లెక్కను తిరిగి చేయడం కాదు, ప్రశ్నను తిరిగి చదవవలెను. అయితే ప్రతి తప్పూ ఇలా హెచ్చరిక చేయదు. ఈ ప్రశ్నలోనే క్రికెట్ గది ఒక్కటే అడిగి ఉంటే 7 అన్న తప్పు సమాధానం నిశ్శబ్దంగా దాటిపోయేది.

చిన్న మాటలు

ఇప్పుడు మా స్వంత పొలానికి వస్తున్నాము. తెలుగులో "మాత్రమే" అన్న పదం దేని పక్కన నిలిస్తే దానినే కట్టడి చేస్తుంది. "12 మంది మాత్రమే క్రికెట్ ఆడతారు" అంటే క్రికెట్ ఆడేవారి మొత్తం సంఖ్య 12. వారు ఇతర ఆటలు ఆడవచ్చును, ఆడకపోవచ్చును. "12 మంది క్రికెట్ మాత్రమే ఆడతారు" అంటే వారికి మరొక ఆట లేదు. మొదటి వాక్యంలోని 12 వృత్తమంతటికీ చెందినది. రెండవ వాక్యంలోని 12 ఒంటరి గదికి చెందినది. పదాలు అవే, స్థానం మారగానే గది మారినది. "క్రికెట్టే ఆడతారు" అన్నప్పుడు చివర ఉన్న "ఏ" కూడా ఆ పనే చేస్తున్నది. దీనినే వ్యాకరణంలో అవధారణార్థకం అంటారు. తరగతిలో అవధారణార్థకం ఎందుకు పనికివస్తుందని అడిగే విద్యార్థులకు ఇదే మా సమాధానం.

"లేదా" అన్నది మరొక చిక్కు. హోటలులో "చాయ్ లేదా కాఫీ" అంటే రెంటిలో ఒకటే అని అందరికీ తెలుసు. గణితంలో "లేదా" అంటే ఒకటి గాని, మరొకటి గాని, రెండూ గాని. పై లెక్కలో క్రికెట్ లేదా కబడ్డీ ఆడేవారు 74 + 60 − 26 = 108 మంది. రెండూ ఆడేవారిని మినహాయించరాదు. మినహాయించవలెనంటే ప్రశ్నలో "ఏదో ఒకటి మాత్రమే" అని స్పష్టంగా చెప్పవలసి ఉంటుంది.

ఇంకా నాలుగు మాటలు ఉన్నవి. పై 150 మంది లెక్కతోనే వాటి విలువ కట్టి చూద్దాము.

"కచ్చితంగా రెండు ఆటలు" ఆడేవారు: 14 + 9 + 17 = 40.

"కనీసం రెండు ఆటలు" ఆడేవారు: ఆ 40 మందితోపాటు మూడూ ఆడే 12 మంది; మొత్తం 52.

"కనీసం ఒక ఆట" ఆడేవారు: ఏడు గదులూ కలిపి 126.

"అత్యధికంగా రెండు ఆటలు" ఆడేవారు: మూడూ ఆడేవారు తప్ప తక్కినవారందరూ; 150 − 12 = 138. ఏ ఆటా ఆడని 24 మందికి కూడా ఇందులో చోటున్నదన్న సంగతి చాలామంది మరచిపోతారు. రెండుకు మించి ఆడనివారిలో అసలే ఆడనివారు చేరతారు కదా!

ఒకే బొమ్మ, అవే సంఖ్యలు. ఒక్క మాట మారితే జవాబు 40 నుండి 52కు, 52 నుండి 138కి మారిపోయినది. లెక్కకు ముందు మాట అన్నది ఇందుకే.

ఉర్దూ చదువుకొన్న మన విద్యార్థులు ఈ మాటలను తమ ఇంటి భాషలో గుర్తుంచుకొనడం మేలు. ఇంగ్లీషులో "ఓన్లీ" అన్నది తెలుగులో "మాత్రమే", ఉర్దూలో "సిర్ఫ్". "ఎట్ లీస్ట్" అన్నది "కనీసం", అంటే "కమ్ సే కమ్". "ఎట్ మోస్ట్" అన్నది "అత్యధికంగా", అంటే "జ్యాదా సే జ్యాదా". "ఎగ్జాక్ట్‌లీ" అన్నది "కచ్చితంగా", అంటే "ఠీక్". "నైదర్" అన్నది "ఏదీ కాదు", అంటే "న యహ్, న వహ్". "బట్ నాట్" అని వస్తే "ఇది ఆడి, అది ఆడనివారు" అని చదువుకొనవలెను. క్రికెట్, కబడ్డీ ఆడి క్యారమ్స్ ఆడనివారు 14 మంది. క్రికెట్ లేదా కబడ్డీ ఆడుతూ క్యారమ్స్ ఆడనివారు 31 + 14 + 25 = 70 మంది. బజారులో "కమ్ సే కమ్ యాభై రూపాయలు" అన్నప్పుడు యాభై, అంతకు పైన అని తడుముకోకుండా గ్రహించే పిల్లవాడు, అదే మాట పరుల భాషలో కనబడగానే "యాభై" దగ్గర ఆగిపోతున్నాడు. తెలివి లోపించి కాదు; మాటకూ మాటకూ మధ్య వంతెన ఎవరూ కట్టక.

బొమ్మ లేని ప్రశ్నలు

కొన్ని ప్రశ్నలలో మొత్తం సంఖ్య ఇవ్వరు; శాతాలు మాత్రమే ఇస్తారు. ఒక పరీక్షలో గణితంలో 65 శాతం, ఇంగ్లీషులో 70 శాతం ఉత్తీర్ణులైనారు. రెంటిలోను తప్పినవారు 20 శాతం. రెంటిలోను ఉత్తీర్ణులైనవారు 110 మంది అయితే పరీక్ష వ్రాసినవారు ఎందరు? మొత్తాన్ని 100 అనుకొంటే చాలును. కనీసం ఒకదానిలో ఉత్తీర్ణులైనవారు 80. 65 + 70 = 135; 135 − 80 = 55. అంటే 55 శాతం 110 మంది. కావున మొత్తం 200 మంది. ఇట్టి ప్రశ్నలో అజ్ఞాతరాశిని పెట్టి సమీకరణం వ్రాయబోయినవాని 45 సెకండ్లు సమీకరణానికే చాలవు.

మరికొన్నింటిలో "తక్కువలో తక్కువ ఎందరు?" అని అడుగుతారు. 100 మందిలో 80 మంది తెలుగులోను, 75 మంది ఇంగ్లీషులోను, 70 మంది గణితంలోను ఉత్తీర్ణులైనారు. మూడింటిలోను ఉత్తీర్ణులైనవారు తక్కువలో తక్కువ ఎందరు? వృత్తాలు గీసి కూర్చుంటే దారి దొరకదు. తప్పినవారి వైపునుండి చూడవలెను. తెలుగులో 20, ఇంగ్లీషులో 25, గణితంలో 30 మంది తప్పినారు. వీరందరూ వేరు వేరు మనుషులే అయినా 75 మందిని మించరు. మిగిలిన 25 మంది దేనిలోను తప్పలేదు. కావున తక్కువలో తక్కువ 25 మంది. ఎక్కువలో ఎక్కువ అయితే, అన్నింటికన్న చిన్న సంఖ్య అయిన 70. ఇట్టి ప్రశ్నకు పది సెకండ్లు చాలును.

విద్యార్థులలో బాలురు, బాలికలు. వారిలో హాస్టలువారు, ఇంటినుండి వచ్చేవారు అని చెప్పినప్పుడు కూడా వృత్తాలు తగవు. బాలురు, బాలికలు అన్న సమూహాలు ఎక్కడా కలియవు. రెండు అడ్డగీతలు, రెండు నిలువు గీతలతో చిన్న పట్టిక వేసుకొంటే పని త్వరగా సాగుతుంది. నాలుగు సమూహాలు కలిసే ప్రశ్న వచ్చినప్పుడు కూడా ఇంతే. నాలుగు వృత్తాలతో పదహారు గదులు ఏర్పడవు. వెన్ స్వయంగా అక్కడ వృత్తాలు విడిచి దీర్ఘవృత్తాలు గీయవలసి వచ్చినది. పరీక్షలో దానిని అనుకరించబోయి కాలం పోగొట్టుకొనవద్దు.

ఇక సంఖ్యలే లేకుండా మూడు పేర్లు చెప్పి తగిన చిత్రాన్ని ఎన్నుకోమనే ప్రశ్నలు ఉంటాయి. ఉదాహరణకు స్త్రీలు, తల్లులు, డాక్టర్లు. తల్లులందరూ స్త్రీలే గనుక తల్లుల వృత్తం స్త్రీల వృత్తంలో ఇమిడి ఉంటుంది. డాక్టర్లలో కొందరు స్త్రీలు, కొందరు పురుషులు. స్త్రీలలో కొందరు తల్లులు. కావున డాక్టర్ల వృత్తం ఆ రెంటినీ కోస్తూ కొంత బయటికి కూడా ఉండవలెను. ప్రతి జంటను విడిగా తీసుకొని "అందరూనా, కొందరా, ఎవరూ కాదా" అని మూడు ప్రశ్నలు వేసుకొంటే చిత్రం తనంతట తానే తేలుతుంది.

గడియారంతో ఒప్పందం

45 సెకండ్లన్నది సగటు మాత్రమే. ప్రతి ప్రశ్నకూ అంతే కాలం ఇవ్వవలెనన్న నియమం లేదు. ఒకే సమాచారం కింద ఐదు ప్రశ్నలు వస్తే మన వాటాకు 225 సెకండ్లు, అంటే మూడుంపావు నిమిషాల పైన మరో అర నిమిషం ఉన్నది. ఇందులో మొదటి నిమిషంన్నర గదులన్నీ నింపడానికి వెచ్చించినా నష్టం లేదు. ఆ తరువాత ఒక్కొక్క ప్రశ్నకు పావు నిమిషం, ఇరవై సెకండ్లు సరిపోతాయి. గదులు నింపకుండా ప్రతి ప్రశ్నకూ మొదటినుండి లెక్క మొదలుపెట్టేవాడు ఒకే పనిని ఐదుసార్లు చేస్తున్నాడు. దీనికి విరుద్ధంగా, ఒకే ఒక్క ప్రశ్న, అదీ రెండు వృత్తాలది వచ్చినప్పుడు అందంగా బొమ్మ గీయనక్కరలేదు. కూడి, తీసివేస్తే చాలును.

నేడు ఈ పరీక్ష కంప్యూటరు మీద జరుగుతున్నది. తెర మీద ఉన్న ప్రశ్న పక్కన మనం గీతలు గీయలేము. చిత్తుకాగితం మీదనే గీయవలెను. కావున ఇంటివద్ద కూడా పుస్తకంలోని బొమ్మ పక్కనే అంకెలు వేసే అలవాటు మాని, వేరే కాగితం మీద గీయడం అభ్యసించవలెను. వృత్తం గుండ్రంగా రానక్కరలేదు. గదులు ఎనిమిదీ కనబడితే చాలును. ఆటల పేర్లు పూర్తిగా వ్రాయక మొదటి రెండక్షరాలు వేయవలెను.

నిమిషం దాటినా దారి తోచని ప్రశ్నను గుర్తుపెట్టి ముందుకు సాగిపోవలెను. ఒక వెన్ ప్రశ్నతో పంతం పట్టి మూడు నిమిషాలు పోగొట్టుకొన్నవాడు వెనుక ఉన్న నాలుగు సులభమైన ప్రశ్నల కాలాన్ని దానికి ధారపోసినవాడు. తప్పుకు శిక్ష లేదు గనుక చివరి క్షణాలలో ఏ ప్రశ్ననూ ఖాళీగా విడువరాదు. అసాధ్యమైన సమాధానాలను కొట్టివేసి, మిగిలినవాటిలో ఒకటి ఎన్నుకొనవలెను.

అభ్యాసానికి ఒక ప్రశ్న ఇస్తున్నాము. 80 మందిలో 46 మంది దినపత్రిక, 39 మంది వారపత్రిక చదువుతారు. 11 మంది ఏదీ చదవరు. కచ్చితంగా ఒకటి చదివేవారు ఎందరు? అత్యధికంగా ఒకటి చదివేవారు ఎందరు? జవాబులు వరుసగా 53, 64. రెండవ జవాబులో చేరిన ఆ 11 మంది ఎవరో తడుముకోకుండా చెప్పగలిగిన విద్యార్థికి ఈ వ్యాసం ఇక అక్కరలేదు.

కళాశాల సంఘానికి మనవి

చివరగా పెద్దలకు రెండు మాటలు. ఇట్టి శిక్షణ నగరాలలో డబ్బుకు దొరుకుతున్నది. ఆ డబ్బు లేని పిల్లలకు కళాశాలే దిక్కు. ఇందుకు పెద్ద ఖర్చు కూడా లేదు. వారానికి ఒక గంట, ఒక గోడగడియారం, పాత ప్రశ్నపత్రాలు కొన్ని, గణిత శాఖ నుండి ఒకరు, భాషా శాఖల నుండి ఒకరు ఉంటే చాలును. మొదటి అర్ధగంట కాలం కట్టి ప్రశ్నలు చేయించవలెను. రెండవ అర్ధగంట తప్పిన ప్రశ్నను చేతపట్టుకొని, ఏ మాట దగ్గర తప్పినదో విద్యార్థిచేతనే చెప్పించవలెను. పైన పేర్కొన్న మాటలను ఇంగ్లీషు, తెలుగు, ఉర్దూ మూడింటిలోను ఒక అట్టమీద వ్రాయించి గ్రంథాలయంలో తగిలించవచ్చును. ఆ అట్ట వ్రాసే పని ఉర్దూ శాఖ మిత్రులతో కలిసి మేము సంతోషంగా స్వీకరిస్తాము.

మన కళాశాలలో రెండు భాషలు కలిసి ఉన్నవి. వెన్ చిత్రంలో రెండు వృత్తాలు కలిసినచోట ఉన్నవాడికి రెండు వృత్తాల హక్కూ ఉంటుంది. రెండు భాషలూ వచ్చిన మన విద్యార్థి ఆ హక్కును పరీక్ష గదిలో వాడుకొనగలిగేటట్లు చేయడం మన అందరి పని. విద్యార్థులు ప్రశ్నను రెండుసార్లు చదివి, ఒక్కసారి లెక్క చేయడం ఈ వారం నుండే అలవాటు చేసుకొనవలెనని కోరుతున్నాము.